చుక్కలమ్మ తోడిన నీళ్ళు

ఊరు వదిలించుకున్నదంతా చివరికి చుక్కలమ్మ ముందుకే వచ్చేది. కొండ మీది మేడల నుంచి, బజారు వెనక ఇరుకిళ్ళ నుంచి, ఆసుపత్రి నుంచి, బడుల నుంచి గొట్టాల్లో జారి వచ్చే మురుగు రేవు పక్కనున్న పంపుహౌస్‌లో ఒక పెద్ద సిమెంటు గుంటలో పడేది. వారానికోసారి పొద్దున్నే, ఊరు లేచి మొహం కడుక్కునే వేళకు, ఆమె మోచేతుల దాకా తొడుగులు వేసుకుని, తాడు కట్టిన స్టీలు బొక్కెనను ఆ గుంటలోకి దించేది. తోడిన నీళ్ళను సీసాలో పోసి, మూత బిగించి, ఐసుపెట్టెలో పెట్టి పంపేది. సీసా ఎక్కడో పెద్ద ఊళ్ళో ఉన్న ల్యాబుకు పోయేది.

"ఊళ్ళో ఎవరేం తిన్నారో నిన్నడిగితే చాలక్కా," అని నవ్వేవాడు పంపు ఆపరేటరు.

"నిన్న నువ్వు తిన్నది మాత్రం అరగలేదు తమ్ముడూ," అనేది ఆమె, ముక్కుకు గుడ్డ కట్టుకుంటూ.

చుక్కలమ్మ అసలు పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. వయసులో ఉన్నప్పుడు ఇల్లిల్లూ తిరిగి పసిపిల్లలకు పోలియో చుక్కలు వేసేది. ఆ చేత్తో నోట్లో చుక్కలు పడని పిల్లలు ఆ చుట్టుపక్కల లేరు. దేశంలో పోలియో పోయిందని పెద్దలు ప్రకటించాక, ఆమెతో తిరిగిన ఆడవాళ్ళందర్నీ దండం పెట్టి ఇంటికి పంపేశారు. ఈమెను మాత్రం మురుగు తోడే పనిలో పెట్టారు.

"రోగం పోయిందన్నారు గదా సార్, మరి ఈ నీళ్ళలో ఏం వెతుకుతారు?" అని అడిగింది మొదటి రోజు.

"పోయిందో లేదో చూడ్డానికే," అన్నాడు సూపర్‌వైజరు.

ఆ మాటకు ఆమె నవ్వింది. నవ్వినందుకు తర్వాత చాలాసార్లు బాధపడింది.

ఆమె తండ్రి అదే రేవులో కాపలాదారు. ఓడ దిగినవాళ్ళకు జబ్బుందన్న అనుమానం వస్తే పట్టుకొచ్చి ఉంచే పొడవాటి షెడ్డుకు ఆయన గేటు కాసేవాడు. "రోగం మనది కాదమ్మా, ఓడెక్కి వస్తుంది. గేటు సరిగా మూస్తే చాలు," అనేవాడు. ఆయనకు ఆరోగ్యమంటే మంచి తాళం. చిన్నప్పుడొకసారి తండ్రికి క్యారియరు తీసుకెళ్ళినప్పుడు, ఆ కంచె వెనకాల ఒక పడుచు నిలబడి ఉండటం చూసింది. చంకలో బిడ్డ. ఏదో భాషలో బతిమాలుతోంది. తండ్రి అటు చూడకుండా నిలబడ్డాడు. మర్నాడు ఆ పడుచు లేదు. బిడ్డను ఎవరో గుడ్డలో చుట్టి తీసుకుపోయారని విన్నది. ఆ రాత్రి తండ్రి ముద్ద ముట్టలేదు. "ఊరి కోసం," అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

రోగం బయటపడితే మనిషి మనిషిగా మిగలడని ఆ రోజే ఆమెకు అర్థమైంది. ఆ భయం ఎముకల్లోకి దిగిపోయింది.

అందుకే పెద్దయ్యాక, చుక్కల పనికి శిక్షణ ఇస్తూ ఒక ముసలి డాక్టరు చెప్పిన మాట ఆమెకు అంత నచ్చింది. "గేట్లు మూస్తే రోగాలు ఆగవమ్మా. ఎక్కడో ఒక్క బిడ్డను వదిలేస్తే అందరి బిడ్డల్నీ వదిలేసినట్టే. కాబట్టి మనమే గడప గడపకూ పోవాలి." అప్పట్లో దేశదేశాల వాళ్ళూ ఒక్కటై ఒక్క రోగాన్ని తరుముతున్నారని విన్నప్పుడు ఆమె గుండె ఉప్పొంగింది. తండ్రి మూసిన గేటును తాను తెరుస్తున్నట్టు అనిపించింది.

కానీ తన వీధిలోనే ఆడవాళ్ళు తలుపులు తియ్యలేదు. చుక్కల్లో ఏం కలిపారోనని భయం. అప్పుడు ఆమె ఇంట్లోకి వెళ్ళి, పొత్తిళ్ళలో ఉన్న తన కొడుకును తెచ్చి, నడివీధిలో కూర్చుని, అందరూ చూస్తుండగా వాడి నోరు తెరిచి చుక్కలు వేసింది. వాడు చప్పరించి నవ్వాడు. ఎదురింటి టైలరు భార్య ముందుగా బిడ్డను తెచ్చింది. తర్వాత వీధంతా కదిలింది.

ఆ కొడుకు ఒక్కడే ఆమెకు మిగిలిన సంపద. భర్త రేవులో క్రేను తాడు తెగి చనిపోయాడు. కొడుకు పుట్టింది మొదలు నలతే. చెవుల్లో చీము, వదలని దగ్గు, వానలు మొదలైతే న్యుమోనియా. ఆరోగ్య కేంద్రానికి ఎన్నిసార్లు ఎత్తుకెళ్ళిందో లెక్కలేదు. అక్కడ చుక్కల మందుకు పెద్ద ఫ్రిజ్ ఉండేది, దానికో జనరేటరు ఉండేది, విదేశాల నుంచి వచ్చి చూసి ఫొటోలు తీసుకునేవాళ్ళు ఉండేవారు. దగ్గు మందు మాత్రం ఎప్పుడూ అయిపోయి ఉండేది. "కొందరు పిల్లలు ఇంతేనమ్మా, పెద్దయితే సర్దుకుంటుంది," అనేవారు.

పెద్దయ్యాడు గానీ సర్దుకోలేదు. బయటి పనికి ఊపిరి చాలక, ఇంట్లోనే కూర్చుని కాలిపోయిన ఫ్యాన్లకు, నీళ్ళ మోటార్లకు రాగితీగ చుట్టేవాడు. సన్నటి వేళ్ళు. ముందు గదంతా వార్నిష్ వాసన. వీధిలో అందరూ 'వైండింగబ్బాయి' అనేవారు. "మోటారుకు ఒక చుట్టు తక్కువైతే వేడెక్కి పోతుందమ్మా. నన్ను చుట్టినవాడు ఎక్కడో చుట్టు మర్చిపోయాడు," అని నవ్వేవాడు.

ఒక రోజు పంపుహౌస్ ముందు జీపు ఆగింది. ల్యాబు నుంచి వచ్చిన డాక్టరమ్మ దిగింది. నడివయసు మనిషి, మాట మెత్తన. పక్కన సూపర్‌వైజరు మొహం పాలిపోయి ఉంది.

"మీరు పంపిన సీసాలో దొరికిందమ్మా," అంది డాక్టరమ్మ.

"ఓడలో వచ్చిందా?" అంది చుక్కలమ్మ. అడిగాక గాని తెలియలేదు, అది తండ్రి గొంతని.

"రాలేదు. ఇక్కడిదే. మనం వేసే చుక్కల్లో ఉండేది కోరలు పీకిన వైరస్. మామూలుగా నాలుగు వారాలు కడుపులో ఉండి పోతుంది. ఎవరి కడుపులోనో పోకుండా ఉండిపోతే కొద్దికొద్దిగా మారుతుంది, మళ్ళీ కోరలు మొలుస్తాయి. ఎంత మారిందో చూస్తే దాని వయసు తెలుస్తుంది. ఇది ఇరవై ఏళ్ళకు పైగా ఒకే కడుపులో బతుకుతోంది."

"ఆ మనిషి కాళ్ళు పడిపోయాయా?"

"పడిపోకపోవచ్చు. తన దగ్గరుందని తనకే తెలియకపోవచ్చు. భయం పసిపిల్లల గురించి. రోగం పోయిందని చుక్కలు వేయించడం మానేశారు జనం. వాళ్ళలో ఎవరికి తగిలినా..." డాక్టరమ్మ ఆగింది. "రేవు ఊరు ఇది. ఇక్కడ పుట్టింది ఇక్కడే ఉంటుందన్న నమ్మకం లేదు."

ఆ వారం నుంచి చుక్కలమ్మ గొట్టం వెంట వెనక్కి నడవడం మొదలుపెట్టింది. పంపుహౌస్‌లో కలిసే ప్రతి పాయ దగ్గరా మ్యాన్‌హోల్ మూత కొక్కెంతో పైకెత్తి నీళ్ళు తోడాలి. ల్యాబు ఏ పాయ అంటే ఆ పాయ పట్టుకుని ఇంకాస్త పైకి పోవాలి. ఊరంతా రేవు వైపే వేలు చూపించింది. రేవు పాయ శుభ్రంగా ఉందన్నారు. కొండ పాయా శుభ్రమే. బజారు పాయలో దొరికింది. బజారు వెనక రెండు దారులు. ఎడమది వదిలెయ్యమన్నారు. మూత ఎత్తిన ప్రతిసారీ చీకట్లోంచి వెచ్చటి ఆవిరి మొహాన కొట్టేది. లోపల ఏదో ఊపిరి తీస్తున్నట్టుండేది. ఒక్కో మూతకు ఆమె తన ఇంటికి దగ్గరవుతోంది. ఆ సంగతి ముందు పాదాలకు తెలిసింది, తర్వాత మనసుకు.

ఆఖరి మూత ఆమె వీధి మొగలో ఉంది.

ఆ మూత కింద వైరస్ ఉందని ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ వీధి చివర టీ తాగుతూ మామూలుగానే అంది. "వెతకడం మరీ కష్టం కాదులేమ్మా. ఇలాంటివాళ్ళకు పుట్టుకతోనే రోగాన్ని తట్టుకునే శక్తి ఉండదు. చిన్నప్పుడు చెవుల్లో చీము, ఊరికే న్యుమోనియా... మీ వీధిలో అలాంటివాళ్ళెవరైనా ఉన్నారా?"

చుక్కలమ్మ గ్లాసులో మిగిలిన టీ నేల మీద పారబోసింది.

"గుర్తు రావట్లేదండీ," అంది.

వీధిలో ప్రతి మనిషి మలం పరీక్షకు ఇవ్వాలన్నారు. మూతల డబ్బాలు పంచే పని, పోగుచేసే పని చుక్కలమ్మదే. వీధిలో నవ్వులే నవ్వులు. "ఇన్నాళ్ళకు మాకూ ఒక విలువ వచ్చింది వదినా," అన్నాడు ఎదురింటి టైలరు. ఆమె నవ్వబోయింది, పెదవులు కదల్లేదు. ఆ పూట కొడుకు డబ్బాను పెరట్లోకి తనే తీసుకెళ్ళింది. దాని మీద కొడుకు పేరున్న చీటీ ఉంది. లోపల ఉన్నది మాత్రం ఆమెది.

అది చేసినప్పుడు ఆమె కళ్ళ ముందు ఉన్నది కంచె. కంచె వెనక కొడుకు. గేటు దగ్గర అటు చూడకుండా నిలబడ్డ ఎవరో ఒక కాపలాదారు.

ఇళ్ళన్నీ శుభ్రమని వచ్చింది. గొట్టంలో మాత్రం వైరస్ ఉంది. నిప్పు లేకుండా పొగెలా వస్తుందని సూపర్‌వైజరు జుట్టు పీక్కున్నాడు. ఇక మిగిలింది వీధి చివరి పాత గోడౌను. దాన్ని చెక్క తడకలతో గదులు చేసి రేవు కూలీలకు బసగా ఇచ్చారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు, పెళ్ళాం పిల్లలతో ఉండేవారు. డబ్బాలు ఇస్తే సగం మంది ఖాళీగానే తిరిగిచ్చారు. ఎవరికి ఏం చేస్తారోనన్న భయం వాళ్ళకూ ఉంది.

"చూశారా! తప్పు లేకపోతే దాపరికం ఎందుకు?" అన్నాడు టైలరు. ఆ మాట సాయంత్రానికి వీధి దాటింది. మర్నాటికి బస కొళాయికి నీళ్ళు ఆగిపోయాయి. ఎవరు ఆపారో ఎవరికీ తెలియదు. గోడౌను యజమాని వచ్చి ఖాళీ చెయ్యమన్నాడు. డాక్టరమ్మ ఇది తప్పని, తేలకుండా ఎవర్నీ పంపొద్దని గొంతు చించుకుంది. ఆమె ఫోన్లు చేసేలోపే మూటలు వీధిలో పడ్డాయి.

చుక్కలమ్మ తేలు కుట్టిన దొంగలా కిటికీ వెనక నిలబడి చూసింది. అరుపులు లేవు. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. అందరూ తలుపుల్లో నిలబడి చూస్తుండగా ఆ మనుషులు ఒకరి వెనక ఒకరు నడిచిపోయారు. అరిచి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

తలుపు చప్పుడైంది. తీస్తే, బసలోని ఒక లోడింగు కూలీ భార్య. చంకలో పసివాడు, నెత్తిన మూట.

"అక్కా, నువ్వు చుక్కలేస్తావంట గదా. వీడికి ఇంతవరకూ వెయ్యలేదు. మేం తిరుగుతూ ఉంటాం, ఏ ఊరి లిస్టులోనూ లేం. పోయేముందు ఒక్కసారి వెయ్యవా?"

చుక్కలమ్మ చేతులు ఖాళీ. మందు ఆసుపత్రిలో తాళం కింద ఉంది. వీధికి పైవారం తెస్తామన్నారు.

"ఇప్పుడు లేవమ్మా... పైవారం..."

"పైవారం మేమెక్కడుంటామో."

"ఎక్కడికి పోతున్నారు?"

"ఎక్కడ రానిస్తే అక్కడికి," అంది ఆ పిల్ల. బిడ్డ నోట్లో వేలు పెట్టుకుని చుక్కలమ్మను చూసి నవ్వాడు. ఈ వీధి మట్టిలో పాకిన బిడ్డ. ఈ వీధి నీళ్ళలో ఆడిన బిడ్డ. తల్లి మూట సర్దుకుని వెళ్ళిపోయింది.

తలుపు మూసి వెనక్కి తిరిగితే, కొడుకు పని ఆపి చూస్తున్నాడు. రాగితీగ వేలికి చుట్టుకుని ఉంది.

"అమ్మా, నా డబ్బాలో ఏం పెట్టావు?"

ఆమె నేల మీది తీగముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

"నన్ను అడగనే లేదు నువ్వు. వీధిలో అందర్నీ పీక్కు తిన్నావు, నన్ను మాత్రం అడగలేదు. నాదే కదా అది?"

"నాన్నా..."

"చెప్పెయ్. వాళ్ళని ఆపమను."

"చెప్తే నిన్ను తీసుకుపోతార్రా."

"ఎక్కడికి? తాతయ్య షెడ్డు ఎప్పుడో కూల్చేశారు గదా."

"షెడ్డు కూల్చారు. మనుషులు వాళ్ళే," అంది ఆమె, కిటికీ వైపు చూపిస్తూ.

వాడు దగ్గుతెర ఆగేదాకా ఆగి మెల్లగా అన్నాడు. "ఆ మనుషుల్లో నువ్వూ ఉన్నావమ్మా ఇప్పుడు."

ఆ మాట మీద ఆమె లేచింది. చెప్పులు కూడా తొడుక్కోకుండా డాక్టరమ్మ దిగిన అతిథి గృహానికి పోయి, గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేసింది. డాక్టరమ్మ ఆమెను లోపలికి రమ్మని కుర్చీ జరిపింది. తిట్టలేదు. తిడితే చుక్కలమ్మకు కొంత తేలికయ్యేది.

"ఆ కూలీలు ఎటు పోయారు?" అని మాత్రం అడిగింది.

"తెలీదు."

"సరే. ముందు అబ్బాయిని చూద్దాం పదండి."

పరీక్షలో వైరస్ ఉందని తేలింది. దానితో పాటే, పుట్టినప్పటి నుంచీ ఎవరూ పేరు పెట్టని వాడి జబ్బుకు ఒక పేరు వచ్చింది. వాడి నెత్తురులో రోగంతో పోరాడే పదార్థమే తయారు కాదు. బయటి నుంచి నెలనెలా ఎక్కిస్తే మనిషి బతికి బట్టకడతాడు. చిన్నప్పుడే చూసి ఉంటే ఊపిరితిత్తులు ఇంత పాడయ్యేవి కావు.

చుక్కలమ్మ మరో మాట కూడా వింది. ఆరోగ్యవంతుల కడుపులో నెలలోపు పోయే ఆ చుక్కలు వాడి కడుపులో అలాగే ఉండిపోయాయి. నడివీధిలో ఆమె తన చేత్తో వేసిన చుక్కలే.

"మీ తప్పు కాదమ్మా. ఆ చుక్కలే ఎన్నో లక్షల మంది కాళ్ళు నిలబెట్టాయి. ఇలాంటిది ఎక్కడో ఒకరికి," అంది డాక్టరమ్మ.

"ఆ ఎక్కడో ఒకరు మా ఇంట్లోనే ఉన్నాడండీ," అంది చుక్కలమ్మ.

అప్పుడు మొదలైంది రాకపోకల వరద. విమానం దిగి మనుషులొచ్చారు. తెల్ల కోట్లు, మెరిసే పెట్టెలు. వాడి నెత్తురు, వాడి ఉమ్మి, అన్నిటికన్నా ముఖ్యంగా వాడి మలం పొడి మంచులో పెట్టి పట్టుకుపోయారు. "నా కష్టానికి ఎప్పుడూ ఇంత గిరాకీ లేదమ్మా," అని నవ్వాడు వాడు. ఒక పొడుగాటి విదేశీ పెద్దమనిషి మంచం పక్కన కూర్చున్నప్పుడు, వాడు డాక్టరమ్మతో అన్నాడు: "ఇరవై ఏళ్ళు దగ్గాను. అప్పుడెందుకు రాలేదో అడగండి."

డాక్టరమ్మ తడబడుతూనే అడిగింది. ఆ మనిషి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెప్పింది డాక్టరమ్మ తెలుగులో అంది. "అప్పుడు మేం రోగాన్ని వెతుకుతున్నాం అంటున్నారు."

"ఇప్పుడో?"

ఆయన ఈసారి నేల చూసి జవాబిచ్చాడు.

"నిజం చెప్పాలంటే ఇప్పుడూ దాన్నే అంటున్నారు."

వాడు తలాడించాడు. ఆ జవాబు వాడికి నచ్చింది.

వాళ్ళు వెళ్ళాక డాక్టరమ్మ గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ అంది. "మా చదువులో మాటలు మారుతూ వచ్చాయమ్మా. మీ నాన్నగారి కాలంలో మన గేటు మనం కాసుకోవడమే ఆరోగ్యం. తర్వాత అందరం కలిసి ఒక్కో రోగాన్ని చంపడం. ఇప్పుడు మనిషిని చూడాలి, అందరి ఆరోగ్యమూ ఒక్కటే అంటున్నారు. అంటున్నారు... ఆ మాట ఇంకా గుమ్మం దాకా రాలేదు."

వీధిలో మాత్రం గేటే నడిచింది. కంచే చేను మేసిందన్నాడు టైలరు. ఒకప్పుడు ఆమెను నమ్మి మొదట బిడ్డను తెచ్చిన టైలరు భార్య కిటికీకి మేకులు కొట్టించింది. రిపేరుకిచ్చిన మోటార్లను ఒక్కొక్కరే, చుడుతున్న తీగ సగంలో ఉండగానే, పట్టుకుపోయారు. ముందు గదిలో వార్నిష్ వాసన పోయింది. ఇంటికి వేరే మరుగుదొడ్డి, దానికో మూసిన ట్యాంకు కట్టించి, అందులో పోయడానికి బ్లీచింగు బస్తాలు ఇచ్చారు. ఆఫీసువాళ్ళు తలుపు మీద ఏదీ రాయలేదు. ఎవరో సుద్దతో రాశారు. ఆమె తుడిచేది, మళ్ళీ రాసేవారు.

వైరస్‌ను చంపే మందు ఒకటి ఇంకా పరీక్షల్లోనే ఉందట, దాన్ని తెప్పిస్తున్నామన్నారు. దానికి ఈ దేశం అనుమతి కావాలి, ఆ దేశం అనుమతి కావాలి. నెత్తురులోకి ఎక్కించే మందు ఒక నెల వచ్చింది. ఆ నెల వాడు దగ్గకుండా నిద్రపోయాడు. నిద్రపోయే కొడుకును చూస్తూ కూర్చుంది ఆమె, ఇలా ఉంటుందా మామూలు మనిషి నిద్ర అని. పై నెల మందు దారిలో ఉందన్నారు. ఈలోపు వానలు మొదలయ్యాయి.

దగ్గు ఛాతీలోకి దిగింది. ఆసుపత్రిలో వాడిని చివరి గదిలో ఒంటరిగా పెట్టారు. భోజనం పళ్ళెం గుమ్మం దగ్గరే నేల మీద పెట్టి పోయేది ఆయా. చుక్కలమ్మ లోపలే ఉంది, ఎవరెంత వద్దన్నా కదల్లేదు. వాడి వేళ్ళు దుప్పటి అంచును చుట్టుతూ చుట్టుతూ ఉండేవి, తీగ చుట్టినట్టు. ఒక మధ్యాహ్నం వాటి కదలిక ఆగింది.

మందు పెట్టె ఆ తర్వాత వచ్చింది. సంతకం పెట్టి తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

కొన్ని వారాలకు సూపర్‌వైజరు మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చాడు. "అక్కా! వరసగా అన్ని సీసాలూ క్లీన్! మన ఊరి కేసు మూసేశారు. పైనుంచి అభినందనలు కూడా..." మాట మధ్యలో ఆమె మొహం చూశాడు. గోడకున్న ఫొటో చూశాడు. టోపీ చేతిలో నలుపుకుంటూ వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ మాత్రం అభినందించలేదు. అప్పుడప్పుడు ఫోన్ చేసేది. ప్రతిసారీ చుక్కలమ్మ ఒక్కటే అడిగేది. "ఆ పసివాడు దొరికాడా?" దొరకలేదు. బసలోని మిగతావాళ్ళలో కొందరు దొరికారు, చుక్కలు వేశారు. ఆ తల్లి, ఆ బిడ్డ ఏ ఊళ్ళోనూ లేరు.

చలి తగ్గే రోజుల్లో ఒకసారి డాక్టరమ్మే ఫోన్ చేసింది. గొంతు వేరుగా ఉంది.

"ఇంకో రేవు ఊళ్ళో, సీసాలో దొరికిందమ్మా. పోల్చి చూశాం."

"మా వాడిదా?"

"మీ వాడి దాని సంతానం. ఇప్పుడది ఒక కడుపులో లేదు. చాలా కడుపుల్లో ఉంది."

కొడుకు పోయాడు. వాడి ఒంట్లో బతికింది మాత్రం, తనకంటూ ఊరూ పేరూ లేకుండా, ఎక్కడో పసిపిల్లల మధ్య తిరుగుతోంది. వాడికి పిల్లలు పుడితే ఏ పేర్లు పెట్టాలోనని ఒకప్పుడు అనుకునేది ఆమె.

"ఆ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగేవాళ్ళున్నారా?"

"ఉండేవాళ్ళు. తీసేశారు."

"నేను వస్తాను."

ఆ ఊరు తన ఊరిలాగే ఉంది. అవే ఇరుకు మెట్లు, అవే తడి గోడలు. మందు పెట్టె భుజానికి తగిలించుకుని, కొత్తగా పెట్టుకున్న ఆడపిల్లలకు పని చూపిస్తూ ఆమె గడపలు ఎక్కింది. ప్రతి తలుపు దగ్గరా ముందు చూసేది బిడ్డ కాళ్ళే. తన్నుతున్నాయా, ఆడుతున్నాయా? ఆ లోడింగు కూలీ భార్య ఎదురవుతుందేమోనని ప్రతి మలుపులోనూ వెతికేది. ఎదురైతే ఏం చెప్పాలో తెలియదు.

ఒక మెట్ల కింది గదిలో ఒక ముసలామె ఏడాది దాటిన మనవణ్ణి ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"మంచిదానివి, సమయానికి వచ్చావు తల్లీ," అంది. "మొన్నటి దాకా గోడ పట్టుకుని నిలబడేవాడు. జ్వరం వచ్చి తగ్గింది. ఈ కాలు మాత్రం ఎత్తడం లేదు. బలానికి మందేమైనా ఉందా?"

చుక్కలమ్మ పెట్టె దించి, ఆ కాలును అరచేతిలోకి తీసుకుంది. వెచ్చగానే ఉంది. వేళ్ళతో గిల్లితే బిడ్డ ఏడ్చాడు, కాలు మాత్రం కదల్లేదు. తడిసిన గుడ్డలా చేతిలో ఒరిగిపోయింది.

ఆసుపత్రికి ఎత్తుకెళ్ళింది తనే. డాక్టరమ్మకు కబురు పెట్టింది. కాలు ఇక రాదన్నారు. ఆ రోజు ముసలామెకు ఏమీ చెప్పలేదు. బిడ్డను ఇంటికి తెచ్చాక, ఇక దాచలేక, ఆ గది గుమ్మంలో నిలబడి చెప్పింది. చుక్కల గురించి, కొడుకు గురించి, డబ్బా గురించి, మూటలతో పోయిన మనుషుల గురించి, ఏదీ వదలకుండా.

ముసలామె అంతా విన్నది. బిడ్డ కాలును కొంగులోకి లాక్కుంది.

"నీ కొడుకు ఉన్నాడా?" అంది.

"లేడమ్మా."

ముసలామె బిడ్డను చాప మీద పడుకోబెట్టింది. లేచి వచ్చి, చుక్కలమ్మ మొహంలోకి చూస్తూనే, తలుపు నెమ్మదిగా మూసింది. లోపల గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది.

చుక్కలమ్మ ఆ చీకటి మెట్ల మీద కాసేపు నిలబడింది. పైన ఇంకా ఇళ్ళున్నాయి. పైఅంతస్తులో ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుస్తోంది. ఆ ఏడుపును ఆమె చెవులు రిక్కించి విన్నది. ఆకలి ఏడుపో, జ్వరం ఏడుపో కింది నుంచి తెలియడం లేదు. పెట్టె పట్టీ భుజం మీదికి లాక్కుని మెట్లెక్కింది.